కిటికీ హ్యాండిల్ ‘పది నిమిషాల పని’ అన్న సందేశానికి జవాబు

కొన్నాళ్లుగా ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతోంది. నాకే వేర్వేరు మనుషుల దగ్గర్నుంచి నాలుగుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: ‘‘కిటికీ హ్యాండిల్ బిగిసిపోయిందా? ఎవరినీ పిలవకండి, హ్యాండిల్ మార్చేయండి. హ్యాండిళ్లన్నీ ఒకే కొలత. స్పిండిల్ ఎంత పొడుగుంటే అంత పట్టు. చేతికి బరువుగా ఉండి, అయస్కాంతం అంటకపోతే అది అసలైన స్టీలు. స్క్రూలు ఎంత బిగిస్తే అంత మంచిది. మళ్లీ బిగుసుకుంటే ఇంట్లో ఉన్న నూనె ఏదైనా కొట్టండి. తాళం ఉన్నది పెడితే పిల్లల గురించీ దొంగల గురించీ దిగులుండదు. మొత్తం పది నిమిషాల పని.’’

ఇందులో నేను ఒప్పుకునే మాట ఒక్కటే. హ్యాండిల్ మనమే మార్చుకోవచ్చు. స్క్రూడ్రైవరు, కొలత టేపు, కాస్త ఓపిక ఉంటే చాలా ఇళ్లలో ఎవరినీ పిలవక్కర్లేదు. మిగతావన్నీ తప్పులే, వాటిలో కొన్ని ప్రమాదం కూడా. పసిపిల్లలున్న ఇంట్లో కిటికీ సరిగా మూసుకోకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. నిప్పంటుకున్న రోజున బయటపడే దారి కూడా ఆ హ్యాండిల్ తిరగడం మీదే ఉంటుంది. అందుకని ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

‘‘బిగిసిపోతే హ్యాండిల్ మార్చేయండి’’

జనం చేత ఎక్కువ డబ్బు దండగ చేయించే మాట ఇదే. ఇప్పటి యూపీవీసీ, అల్యూమినియం కిటికీల్లో మన చేతికి అందేది పిడి ఒక్కటే. దాని వెనక నుంచి ఒక చదరపు కడ్డీ, అంటే స్పిండిల్, రెక్క లోపల దాగున్న గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది. పిడి తిప్పితే కడ్డీ తిరుగుతుంది. గేర్‌బాక్స్ ఆ తిప్పుడుతో రెక్క అంచు వెంబడి ఉన్న పొడవాటి పట్టీని పైకో కిందికో జరుపుతుంది. పట్టీ మీదున్న చిన్న బొడిపెలు ఫ్రేముకు బిగించిన లోహపు పట్లలోకి దూరి రెక్కను లాగి పట్టుకుంటాయి. ఈ వరసలో ఎక్కడ రాపిడి పెరిగినా ఆ బరువు మన చేతికి తెలిసేది పిడి దగ్గరే. కాబట్టి నింద దాని మీద పడుతుంది.

మా వంటింటి కిటికీకి రెండేళ్లలో రెండు హ్యాండిళ్లు విరిగాయి. రెండూ మెడ దగ్గరే, ఒకే చోట. రెండోది విరిగిన రోజున రెక్క తెరిచి అంచును వేలితో తడిమాను. బొడిపె ఒక పక్క అరిగి మెరుస్తోంది, ఎదురుగా ఫ్రేములోని పట్టు పెదవి మీద గీతలు పడి ఉన్నాయి. బందు దగ్గర స్క్రూలు వదులై రెక్క కిందికి జారింది. బొడిపె పట్టులోకి నేరుగా పోకుండా అంచును గీసుకుంటూ పోతోంది. రోజూ ఆ రాపిడిని నా మణికట్టుతో జయిస్తున్నాననుకున్నాను, నిజానికి హ్యాండిల్ మెడను కాస్త కాస్త విరుస్తున్నాను. రెక్కను పైకి లేపి పట్టుకుని బందు స్క్రూలు బిగించాక, మూడో హ్యాండిల్ రెండు వేళ్లతో తిరిగింది. మొదటిది ఉన్నప్పుడే ఆ పని చేసి ఉంటే అదీ తిరిగేదే.

కాబట్టి కొనబోయే ముందు ఇది చేయండి. రెక్క తెరిచి ఉంచి హ్యాండిల్ తిప్పండి. తెరిచినప్పుడు సులువుగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే బిగిస్తే తప్పు హ్యాండిల్‌ది కాదు. రెక్క జారింది, లేదా రబ్బరు బీడింగ్ ఉబ్బింది, లేదా బొడిపెలకూ పట్లకూ పొంతన తప్పింది. తెరిచినప్పుడూ బిగిస్తే హ్యాండిల్ ఊడదీసి విడిగా తిప్పి చూడండి. చేతిలో హాయిగా తిరిగితే జబ్బు గేర్‌బాక్స్‌లోనో పట్టీలోనో ఉంది. చేతిలో కూడా గరగరలాడితేనో, పిడి తిరుగుతున్నా కడ్డీ తిరక్కపోతేనో, అప్పుడు మాత్రమే కొత్త హ్యాండిల్ సంగతి ఆలోచించాలి. ఒక జాగ్రత్త: పక్కకు తెరుచుకోవడమే కాక పైభాగం లోపలికి వాలే రకం కిటికీల్లో, రెక్క తెరిచి ఉన్నప్పుడు పిడి తిరక్కుండా ఆపే చిన్న మీట చాలావాటికి రెక్క అంచున ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి తిప్పాలి. అది తెలియక బలం పెడితే బాగున్న హ్యాండిల్ కూడా విరుగుతుంది.

‘‘హ్యాండిళ్లన్నీ ఒకే కొలత’’

ఈ మాట ఎలా పుట్టిందో ఊహించగలను. స్పిండిల్‌తో పనిచేసే హ్యాండిళ్లలో చాలావాటికి కడ్డీ మందం 7 మి.మీ., రెండు స్క్రూల మధ్య దూరం 43 మి.మీ. ఈ రెండూ కలిసేసరికి అన్నీ ఒకటే అనిపిస్తుంది. కానీ స్పిండిల్ పొడవు మారుతుంది. అడుగు పలక, అంటే పిడి కింద స్క్రూలతో రెక్కకు బిగించే పలక, దాని వెనక నుంచి కడ్డీ ఎంత బయటికి వస్తోందో కొలవాలి, పిడి లోపల దాగినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అది 15 మి.మీ. ఉండొచ్చు, 40 ఉండొచ్చు, అంతకన్నా ఎక్కువా ఉండొచ్చు. పాతదాన్ని ఊడదీయకుండా ఈ కొలత ఎవరూ చెప్పలేరు, ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా సరే.

కొన్నిటికి స్పిండిలే ఉండదు. పిడి కింద ముక్కులాంటి కొక్కెం ఉండి ఫ్రేము అంచును ఎక్కి పట్టుకుంటుంది. వాటిలో చూడాల్సింది అడుగు పలక నుంచి ముక్కు కింది అంచు దాకా ఉన్న ఎత్తు. ఇది 9 మి.మీ. నుంచి 21 మి.మీ. దాకా రకరకాలుగా దొరుకుతుంది. ఎత్తు ఎక్కువైతే కిటికీ మూసినా రెక్క లొడలొడలాడుతుంది, తక్కువైతే ముక్కు ఫ్రేము ఎక్కదు. అల్యూమినియం కిటికీల్లో కొన్నిటికి కడ్డీ బదులు రెండు పళ్ల ఫోర్కు ఉంటుంది, అది లోపలి పట్టీని నేరుగా పట్టి జరుపుతుంది. పక్కకు జరిగే కిటికీల సంగతి పూర్తిగా వేరు. వాటికి లోపలికి దిగిపోయిన పిడో, నెలవంక ఆకారపు లాకో ఉంటుంది. పాత చెక్క కిటికీలకు గడియా, కొక్కెమూ విడివిడిగా ఉంటాయి. ఇన్ని రకాలుండగా ‘ఏదైనా సరిపోతుంది’ అనడం కొనేవాళ్లను మోసం చేయడమే.

కుడి ఎడమల తేడా కూడా ఉంది. మెడ నిటారుగా ఉన్నవి ఎటైనా పనికొస్తాయి. మెడ ఒక పక్కకు వంగినవి కుడికి వేరు, ఎడమకు వేరు. తప్పుది తెస్తే పిడి గోడకో ఫ్రేముకో తగిలి వేలు నలుగుతుంది. అన్నిటికన్నా మంచి ఉపాయం పాత హ్యాండిల్‌ను, దాని స్క్రూలతో సహా, చేతిలో పట్టుకుని కొనడానికి వెళ్లడం.

‘‘స్పిండిల్ ఎంత పొడుగుంటే అంత పట్టు’’

కడ్డీకి గేర్‌బాక్స్ చదరపు రంధ్రంలో పూర్తిగా దిగేంత పొడవు కావాలి, అంతకు మించి ఒక్క మిల్లీమీటరు కూడా పట్టు పెంచదు. పొడుగైతే కడ్డీ కొస రెక్క లోపలి అవతలి అంచును తన్ని, అడుగు పలక రెక్కకు ఆనుకోకుండా లేచి ఉంటుంది. ఆ సందు కనపడగానే చాలామంది స్క్రూలు ఇంకా బిగిస్తారు. పలక వంగుతుంది, లేదా పగులుతుంది. పొట్టిదైతే ఇంకో కష్టం: కడ్డీ కొస మాత్రమే రంధ్రాన్ని పట్టుకుంటుంది, కొన్నాళ్లకు ఆ రంధ్రం మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. అప్పుడు పోయేది గేర్‌బాక్స్, అది మార్చడం హ్యాండిల్ మార్చినంత తేలిక కాదు. సరైన పొడవు దొరక్కపోతే కాస్త పొడుగుది తెచ్చి హాక్సా బ్లేడుతో కోసుకోండి, కోసిన చోట ఆకురాయి పెట్టి గరుకు తీసేయండి. పొట్టిది మాత్రం వద్దు.

‘‘బరువుగా ఉండి అయస్కాంతం అంటకపోతే అసలైన స్టీలు’’

ఈ పరీక్ష రెండు వైపులా తప్పుతుంది. జింకు మిశ్రమానికీ, ఇత్తడికీ, అల్యూమినియానికీ కూడా అయస్కాంతం అంటదు. జింకు పోతకు మెరుపు పూత వేస్తే చేతికి బరువుగానే ఉంటుంది, చూపుకు స్టీలులాగే ఉంటుంది. ఇటు చూస్తే, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు మామూలుగా అయస్కాంతం అంటకపోయినా, చల్లగా ఉండగానే వంచి సాగదీసిన చోట కొంచెం అంటుకోవచ్చు. 430 రకానికి గట్టిగానే అంటుకుంటుంది, అదీ స్టెయిన్‌లెస్ స్టీలే. కాబట్టి అయస్కాంతం పట్టుకెళ్లినవాళ్లు మంచిదాన్ని వదిలి మరోదాన్ని తెచ్చుకునే అవకాశం ఎంతైనా ఉంది.

బరువు సంగతీ అంతే. అల్యూమినియం స్టీలులో దాదాపు మూడో వంతు బరువే తూగుతుంది, అయినా సరైన పూతతో ఏళ్ల తరబడి నిలుస్తుంది. జింకు మిశ్రమంతో చేసినవి కూడా చెడ్డవని నేననను, ప్రపంచంలో ఎన్నో కిటికీలు వాటితోనే మూసుకుంటున్నాయి. చూడాల్సింది తుప్పు తట్టుకునే గుణం. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1670లో దీనికి తరగతులున్నాయి. ఉప్పునీటి తుంపరలో 96 గంటలు తట్టుకుంటే 3వ తరగతి, 240 గంటలైతే 4, 480 గంటలైతే 5. ఇల్లు సముద్రపు గాలి తగిలే చోట ఉంటే ఆ అంకె అడిగి కొనండి. స్టీలే కావాలనుకుంటే, మాలిబ్డినం కలిసిన 316 రకం ఆ ఉప్పు గాలికి 304 కన్నా బాగా ఆగుతుంది.

‘‘స్క్రూలు ఎంత బిగిస్తే అంత మంచిది’’

కాదు. అతిగా బిగిస్తే అడుగు పలక వంగి పిడి తిరగడం కష్టమవుతుంది. ఆనించి, పావు చుట్టు తిప్పి ఆపండి. పవర్ డ్రిల్లు వాడొద్దు. పాత స్క్రూల కన్నా పొడుగైనవి కూడా వద్దు, లోపల కదిలే భాగాలకు అవి అడ్డుపడొచ్చు. చెక్క కిటికీలో రంధ్రం వదులైపోతే లావు స్క్రూ కోసం వెతక్కండి. సన్నటి చెక్క పుల్లలకు జిగురు రాసి రంధ్రం నిండా దిగ్గొట్టి, ఆరాక చిన్న బెజ్జం వేసి పాత స్క్రూనే ఎక్కించండి.

‘‘ఇంట్లో ఉన్న నూనె ఏదైనా’’

వంటనూనె కొన్నాళ్లకు జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది. అప్పుడు కిటికీ మునుపటికన్నా మొరాయిస్తుంది. నీటిని వెళ్లగొట్టడానికి చేసిన పల్చటి స్ప్రేలు ఆ పూటకు పని జరిపిస్తాయి గానీ ఎక్కువకాలం నిలవవు. ముందు పాత జిడ్డు తుడిచేయండి. లోహపు పట్టీకీ, బొడిపెలకూ పల్చటి మెషీన్ ఆయిల్ గానీ లిథియం గ్రీజు గానీ కొద్దిగా చాలు. రబ్బరు బీడింగ్‌కు ఈ ఖనిజ నూనెలు తగలనివ్వకండి. చాలా కిటికీల బీడింగ్ ఈపీడీఎం అనే రకం కృత్రిమ రబ్బరు, దానికి ఖనిజ నూనె తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బిన బీడింగ్ రెక్కను బయటికి నెడుతుంది, హ్యాండిల్ మళ్లీ బిగుస్తుంది. రబ్బరుకు సిలికాన్ స్ప్రే వాడండి. తాళం రంధ్రంలోకి ఏ నూనే వద్దు, గ్రాఫైట్ పొడి చాలు.

‘‘తాళం ఉన్నది పెడితే దిగులుండదు’’

ఈ ఒక్క మాట కోసమైనా ఈ జవాబు రాసి ఉండేవాణ్ని. తాళం పనిచేసేది కిటికీ మూసి ఉన్నప్పుడు. గాలి కోసం తెరిచిన క్షణం నుంచీ ఆ తాళం బిడ్డను ఆపలేదు. ఆపేది రెక్క ఒక హద్దు దాటి తెరుచుకోకుండా పట్టే రిస్ట్రిక్టరు. సాధారణంగా ఆ సందును 100 మి.మీ. దాటనివ్వరు. దోమతెరను నమ్ముకోవద్దు, అది పిల్లల బరువు ఆపడానికి చేసింది కాదు. కిటికీ కింద మంచం, కుర్చీ లాంటివి ఉంటే ఈ రోజే జరిపేయండి.

దొంగల సంగతికొస్తే, అద్దం పగలగొట్టి చెయ్యి లోపలికి పెట్టి పిడి తిప్పేవాణ్ని తాళం ఆపుతుంది. అందుకు అది మంచిదే. కానీ రెక్క సందులో గునపంలాంటిది పెట్టి పెకలించేవాడికి హ్యాండిల్ అడ్డం కాదు. అక్కడ నిలబడేది రెక్క చుట్టూ ఉన్న బొడిపెలూ, ఫ్రేములోని పట్లూ. అవి ఎన్ని ఉన్నాయో, ఎంత గట్టిగా బిగించి ఉన్నాయో చూసుకోవాలి.

తాళం పెట్టాక మరో బాధ్యత మన మీద పడుతుంది. పొగ నిండిన గదిలో తాళంచెవి కోసం తడుముకునే పరిస్థితి రాకూడదు. చెవి కిటికీకే వదిలేస్తే తాళానికి అర్థం లేదు, ఎక్కడో సొరుగులో పడేస్తే దారి మూసుకున్నట్టే. పిల్లలకు అందని ఎత్తులో, పెద్దలందరికీ తెలిసిన ఒకే చోట, ఆ గదిలోనే మేకుకు తగిలించి ఉంచండి. రాత్రి దీపం లేకుండా ఒకసారి వెళ్లి తీసి చూడండి.

‘‘పది నిమిషాల పని’’

స్క్రూలు తీసి పెట్టడానికి పది నిమిషాలు చాలేమో. అడుగు పలక మీది మూత కొద్దిగా ఎత్తి పక్కకు తిప్పితే కింద స్క్రూలు కనిపిస్తాయి. సందేశం చెప్పని చిక్కు ఆ తర్వాత వస్తుంది. కడ్డీ చదరం కాబట్టి నాలుగు వైపులా ఎలా పెట్టినా దూరుతుంది. పాతది ఏ స్థితిలో ఊడదీశారో కొత్తదాన్నీ అదే స్థితిలో ఉంచి ఎక్కించాలి. పావు చుట్టు తేడా వస్తే పిడి మూసినట్టు కిందికి చూస్తూ ఉంటుంది, రెక్క మాత్రం లోపల వదులుగా ఉంటుంది. చూడటానికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది కనుక గాలి గట్టిగా వీచేదాకా ఎవరికీ తెలియదు. అందుకని ఊడదీసే ముందు పిడి ఉన్న తీరుకు ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. పై అంతస్తుల్లో రెక్క పట్టుకోవడానికి ఇంకొకరిని పక్కన నిలబెట్టుకోండి. బిగించాక పదిసార్లు తెరిచి మూయండి, ప్రతిసారీ పిడి కిందికి దించి రెక్క నాలుగు మూలలా అరచేత్తో నెట్టి చూడండి. ఏ మూలైనా కదిలితే స్క్రూలు మళ్లీ విప్పాల్సిందే.