చీతాలలో విజయనగరం వాటా

చీతాల పంపకం మొదలైన నాటి నుంచి ఉత్తరాంధ్రకు జరుగుతున్న అన్యాయాన్ని ఒక్కరూ నోరెత్తి అడగకపోవడం విచారకరం. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు వస్తే అన్నీ మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకే వెళ్లాయి. చారిత్రక హక్కు చూపమంటే మనకు గట్టి ఆధారమే ఉంది. 1880లో విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటుగా ఉన్న ఇర్విన్ దొర వేటకు వెళ్లి చీతా దాడిలో మరణించారు. ఆ చీతా విజయనగరం రాజావారిది. చీతా వల్ల మనిషి పోయినట్టు మన దేశ చరిత్రలో కనిపించే అత్యంత అరుదైన ఉదంతం ఇది. ఇంతటి ఘనత గల జిల్లాను పక్కన పెట్టడం ఏం న్యాయం?

ఆ ఎనిమిదింటికి జరిగిన మర్యాద గమనించదగినది. 1952లో అంతరించిందని సర్కారే ప్రకటించిన జంతువు కోసం విమానం పంపారు, దాని ముక్కు మీద పులి బొమ్మ వేయించారు. లోపల చీతా ఉండగా బయట పులి ఎందుకని అడగడం సభ్యత కాదు. గ్వాలియర్‌లో దిగాక హెలికాప్టర్ ఎక్కించారు, ప్రధానమంత్రి స్వయంగా వదిలారు. నిజానికి కూనోలో ఇరవై నాలుగు ఊళ్లను ఖాళీ చేయించింది గిర్ సింహాల కోసం. 2013లో సుప్రీంకోర్టు పంపమన్నా సింహాలు రాలేదు. ఖాళీ చేసిన ఊళ్లు వృథా పోకుండా చీతాలు ఆదుకున్నాయి.

ఇప్పుడు పార్వతీపురం వైపు రండి. ఏనుగంటే సర్కసులో చూడటమే ఎరిగిన పల్లెలకు ఒడిశా కొండల నుంచి ఒక గుంపు నడిచి వచ్చింది. కమిటీ లేదు, నివేదిక లేదు, టెండరు లేదు. ఒక జంతువును అడవికి తిరిగి తేవడమనే బృహత్కార్యాన్ని పైసా ఖర్చు లేకుండా జంతువులే ముగించేశాయి. వాటి నేరం అదే. చీకటి పడ్డాక కొమరాడ దగ్గర కళ్లంలోకి దిగి, కుప్పను తొండంతో విప్పుకొని తింటుంటే రైతు రేకు డబ్బా కొడతాడు, కుర్రాళ్లు టపాకాయలు కాలుస్తారు, లైట్లు వేయవద్దని ఏనుగుల జాడ చూసే ట్రాకరు అందరినీ బతిమాలుతుంటాడు. తెల్లవారాక సిబ్బంది టేపు తెచ్చి, ఎంత మేర అరటి విరిగిందో కొలిచి రాసుకుంటారు. మనిషి పోయిన ఇంట్లో మాత్రం టేపుతో పని ఉండదు. ఏనుగుల వైపు లెక్క కూడా తక్కువేమీ కాదు: 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర ఒకేసారి నాలుగు కరెంటు తగిలి చచ్చిపోయాయి. వాటిని వదలడానికి ఎవరూ రాలేదు గనుక ఫొటోలు ఆ రోజే తీశారు.

చీతా వస్తే ఎక్కడ ఉంచాలన్న సందేహం కొందరికి ఉండవచ్చు. దానికి దట్టమైన అడవి అక్కరలేదు, కనుచూపు మేర గడ్డి నేల చాలు. అటువంటి నేలను మన రికార్డుల్లో బంజరు అని రాసుకుంటాం, రాసిన వెంటనే సరుగుడు నాటడమో ప్లాట్ల రాళ్లు పాతడమో చేస్తాం. కాబట్టి చీతాను లేఅవుట్లోనే ఉంచాలి. ముప్పై అడుగుల రోడ్డు ఉంటుంది, అడ్డం వచ్చే ఇల్లు ఒక్కటీ ఉండదు, పరుగుకు ఇంతకంటే ఏం కావాలి?

అందాకా ఏనుగుల విషయంలో నాదొక సవినయ ప్రతిపాదన. గుంపును మర్యాదగా సరిహద్దు దాటించి, మళ్లీ ఒడిశా నుంచి విమానంలో భోగాపురానికి రప్పించాలి. ముక్కు మీద ఏ బొమ్మ వేసినా అభ్యంతరం లేదు. చిక్కల్లా స్థానికత ధ్రువపత్రం దగ్గరే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసిన సంగతి వాటికి ఎవరూ చెప్పకపోవడం వల్ల గరుగుబిల్లిలో తిని వంగర వైపు పోయి పడుకునే అలవాటు మానలేదు. పత్రం ఇవ్వవలసింది తిన్న జిల్లానా, పడుకున్న జిల్లానా అన్నది ముందుగా పైవారిని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోవలసి ఉంటుంది.