పికప్ ట్రక్కు టెయిల్‌గేటు వారికి ఒక బహిరంగ లేఖ

పికప్ ట్రక్కు తొట్టికి వెనక తలుపుగా వెలిసిన మహారాజశ్రీ టెయిల్‌గేటు వారి సముఖమునకు, టెక్సస్ రాష్ట్రంలో డాలస్ శివార్లలో ఉంటున్న ఒక ట్రక్కు యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, రాత్రి పార్కింగ్‌లో వదిలి వచ్చిన తమరు ఈ ఉత్తరం అందేవేళకు నా బండికే ఉన్నారో, మరొకరి బండిని అలంకరించారో చెప్పలేను కనుక, ప్రస్తుతానికి నా ఒక్కడి కుశలమే రాస్తున్నాను.

తమరు సులువుగా ఊడిరావడం లోపం కాదనీ, సౌకర్యమనీ తయారీదారులు అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ట్రక్కు తొట్టిలో క్యాంపరు అనే బస గదిని ఎక్కించాలన్నా, పెద్ద ట్రైలరు తగిలించాలన్నా కొన్నిసార్లు తమరు అడ్డు తప్పుకోవలసిందే. అందుకే తమరిని దాదాపు 45 డిగ్రీల వాలుకు తెచ్చి, రెండు వైపులా ఉన్న కేబుళ్లు తప్పిస్తే, ఒక పక్క కీలు గూటిలోంచి పైకి లేస్తుంది, రెండో పక్క దానంతటదే జారి వస్తుంది. చెయ్యి తిరిగినవాడికి పానా అక్కరలేదు, నిమిషం కూడా పట్టదు. యజమాని ఏ రెండేళ్లకో ఒకసారి వాడుకునే ఈ సౌకర్యాన్ని దొంగగారు మాత్రం వృత్తిధర్మంగా రాత్రికి రాత్రే వినియోగించుకుంటున్నారు. మన బ్యాంకుల్లో ఐదు రూపాయల పెన్నుకు కూడా దారం కట్టి బల్లకు బిగిస్తారు. వేల డాలర్లు పలికే తమరికి ఆపాటి దారమైనా కట్టాలని ఎవరికీ తోచకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంది.

ఒకప్పుడు తమరు ఉత్త రేకు తలుపు. ఇప్పుడు ఆ హోదా వేరు. 2018 మే నుంచి అమెరికాలో అమ్మకానికి తయారయ్యే ప్రతి కొత్త తేలికపాటి వాహనానికీ వెనక కెమెరా ఉండి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. పికప్‌లలో ఆ కెమెరా ఎక్కువగా తమరి పిడి దగ్గరే కొలువైంది. 2019 మోడల్ జీఎంసీ సియెరాలో తమరు ఆరు రకాలుగా మడతపడి, మెట్టుగానూ బల్లగానూ అవతారమెత్తారు. ఇన్ని విద్యలు నేర్చిన తమరికి, పరాయివాడు పిలిస్తే వెళ్లకూడదన్న ఒక్క విద్య మాత్రం అబ్బలేదు. ఆ కెమెరా సంగతి మరీ చోద్యం. రివర్సు గేరు వేస్తేనే అది కన్ను తెరుస్తుంది. దొంగ సరిగ్గా దాని ముందుకే వచ్చి, దాని మీదే చెయ్యి వేసి, దాన్ని కూడా చంకన పెట్టుకుపోతుంటే హాయిగా నిద్రపోతుంది.

పోయాక జరిగే తతంగం తమరికి తెలియదు కనుక మనవి చేస్తున్నాను. తమరి మీద సాధారణంగా బండి గుర్తింపు నంబరు (విన్) ఉండదు కాబట్టి, దొరికినా ఎవరి తమరో తేలదు. బీమా ఉంది గాని, డిడక్టిబుల్ కింద మొదటి ఐదు వందలో, వెయ్యి డాలర్లో యజమానే భరించాలి. అప్పుడు అతడు అదే మోడల్‌లో, అదే రంగులో, రంగు వేయించే ఖర్చు కూడా కలిసివచ్చేలా చవకగా ఎవరైనా అమ్ముతున్నారేమోనని వెతుకుతాడు. అలా వెతికేవాళ్లు ఉన్నారు కాబట్టే తమరికి ఇంత గిరాకీ అన్న సంగతి ఆ బేరం కుదిరేవేళ ఎవరికీ గుర్తుండదు. ఆ తర్వాత అలారం కొంటారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అది పక్క బండి తలుపు చప్పుడుకల్లా మోగి అపార్టుమెంటు మొత్తాన్ని లేపుతుంది.

నేను చేసిన ఏర్పాట్లు వినండి. పిడికి ఉన్న తాళాన్ని అలంకారంగా వదలకుండా రోజూ వేస్తున్నాను, ఎందుకంటే మూసి తాళం వేసి ఉన్న తమరిని ఆ వాలుకు తేవడం కుదరదు. బండిని వెనక్కి పోనిచ్చి తమరి వీపు గోడకు ఆనేంత దగ్గరగా నిలుపుతున్నాను. వెనక్కి తిప్పి నిలపరాదని బోర్డులు పెట్టే అపార్టుమెంట్లు కూడా ఈ దేశంలో ఉన్నాయి గాని, అదృష్టవశాత్తు మాది అందులో లేదు. ఆ గుర్తింపు నంబరు తమరి లోపలి అంచున చెక్కించాను, అందం చెడిందని అలగవద్దు.

అన్నిటికంటే ఘనమైనది హోస్ క్లాంపు. రబ్బరు గొట్టాలకు బిగించే ఆ ఇనుప పట్టీ, రెండు మూడు డాలర్ల వస్తువు. దాన్ని పైకి లేచే కీలు చుట్టూ బిగిస్తే గూటి నోరు మూసుకుపోయి, తమరు ఏ వాలుకు వచ్చినా కదలలేరు. అరవై వేల డాలర్ల బండికి రావలసిన బుద్ధి చివరికి హార్డ్‌వేర్ దుకాణంలో చిల్లర డబ్బులకు దొరికింది. స్క్రూడ్రైవరు తెచ్చుకున్న దొంగ దాన్నీ విప్పగలడు నిజమే. అందుకే స్క్రూ తలను వేళ్లు దూరని లోపలి వైపుకు తిప్పి, దాని గాడిని ఆకురాయితో అరగదీశాను. రేపు నిజంగానే తమరిని ఊడదీయవలసిన అవసరం నాకే వస్తే, ఆ పట్టీతో నేను పడబోయే కుస్తీని, ఆ సమయంలో నా నోట వెలువడబోయే మాటలను తమరు పెద్దమనసుతో ముందుగానే క్షమించగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి పేరు మీద ఇంకా వాయిదాలు కడుతున్న యజమాని