ఎల్-1 మీద కోపం దేనికి?

పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా, కొన్న సరుకు గురించి నిలదీస్తే వచ్చే జవాబు ఒకటే: 'ఎల్-1కే ఇచ్చాం.' ఎల్-1 అంటే టెండర్‌లో అందరికన్నా తక్కువకు కోట్ చేసినవాడు. వాడికి ఇచ్చామంటే ఆడిట్ వాళ్లూ పెద్దగా అడగరు. సరుకు నాసిరకం అని తేలాక మాత్రం అందరూ ఎల్-1 పద్ధతినే తిడతారు. నాకు దాని మీద అంత కోపం లేదు.

బ్లీచింగ్ పౌడర్‌నే తీసుకోండి. ట్యాంకుల్లో కలపడానికి, వానాకాలంలో మురుగుకాలవల పక్కన చల్లడానికి ప్రతి ఊరూ కొనేదే. కొనేది కిలోల లెక్కన, పనిచేసేది అందులోని క్లోరిన్. దీనికున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1065 ప్రకారం మొదటి గ్రేడ్‌లో కనీసం 34 శాతం క్లోరిన్ ఉండాలి. సరుకు పాతబడినా, బస్తా చెమ్మ పట్టినా అది తగ్గిపోతూ వస్తుంది. 34 శాతం ఉన్న పౌడర్ కిలో 40 రూపాయలు, 20 శాతానికి పడిపోయింది 30 రూపాయలు అనుకుందాం. టెండర్ రెండోవాడిదే. క్లోరిన్ లెక్కన చూస్తే మొదటివాడి దగ్గర కిలో క్లోరిన్‌కు సుమారు 118 రూపాయలు, రెండోవాడి దగ్గర 150! ఎల్-1 అనుకున్నది నిజానికి ఎల్-2.

రెండు పౌడర్లూ తెల్లగానే ఉంటాయి, ఘాటుగానే ఉంటాయి. తేడా ల్యాబ్‌లోనే తెలుస్తుంది. దిగిన సరుకులోంచి శాంపిల్ ఎవరు తీయాలి, రిపోర్టు రాకముందే బిల్లు పాస్ చేయొచ్చా, ఫెయిలైతే బస్తాలు ఎవరి ఖర్చుతో వెనక్కి పోవాలి? టెండర్‌లో ఇవి రాయకుండా 'ఐఎస్ఐ మార్కు సరుకు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, నిజంగా 34 శాతం ఇచ్చేవాడు ఎప్పటికీ ఓడిపోతూనే ఉంటాడు.

షరతులు గట్టిగా ఉంటే పోటీ ధరను ఎంత దించుతుందో ఎల్ఈడీ బల్బుల్లో చూశాం. కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్ఎల్ 2014లో 310 రూపాయలకు కొన్న బల్బు, రెండు మూడేళ్లలో 38 రూపాయలకు దిగింది. గ్యారంటీ ఉంది, ప్రమాణాలున్నాయి, కొనుగోలు కోట్లలో ఉంది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో వీధి దీపాలు మార్చినప్పుడు ఇంకో అడుగు వేశారు: పెట్టుబడీ నిర్వహణా ఈఈఎస్ఎల్‌వే, కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో కార్పొరేషన్ ఏళ్ల తరబడి కట్టడం. దీపాలు బిగించి బిల్లు పట్టుకుపోవడం అక్కడ కుదరదు.

ఇక ధరతో పాటు నాణ్యతకూ మార్కులు వేసే పద్ధతి. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో పనుల టెండర్లలోనూ దీన్ని అనుమతించింది, నాణ్యతకు గరిష్ఠంగా 30 శాతం వెయిటేజీతో. పెద్ద వంతెనలకు మంచిదే. చిన్న మున్సిపాలిటీలో ఆ మార్కులు వేసేదెవరు? 'ఫలానా మెషినరీ సొంతంగా ఉండాలి, ఫలానా పని చేసి ఉండాలి' అని రాసుకుంటూ పోతే, చివరికి ఒకే ఒక్కడు అర్హుడవుతాడు. ఆ ఒక్కడు ఎవరో ఊళ్లో అందరికీ ముందే తెలుసు.

ఎవరూ మాట్లాడనిది పెండింగ్ బిల్లుల సంగతి. డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియని చోట నికార్సైన సప్లయర్ టెండరే వేయడు. వేసేవాడు వడ్డీ అయినా కలుపుకుంటాడు, సరుకులో అయినా మిగుల్చుకుంటాడు. శాంపిల్ పాసైన ఇన్ని రోజుల్లో చెల్లిస్తామని టెండర్‌లో రాసి ఆ మాట నిలబెట్టుకునే మున్సిపాలిటీకి, ఒక్క స్పెసిఫికేషన్ మార్చకుండానే మెరుగైన ఎల్-1 దొరుకుతాడు.