సవరణ: నాచ్ పేరు మొత్తం తీసేయలేదు

మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్ సృష్టికర్త మార్కస్ పెర్సన్, అదే మన నాచ్, గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. ఆయన రాజకీయ అభిప్రాయాలపై అభిమానులు మండిపడటంతో కంపెనీ ఆయన్ని సాగనంపిందని రాశాను. కాదు. 2014లో ఆ గేమ్ కంపెనీ మొజాంగ్‌ను మైక్రోసాఫ్ట్‌కి 250 కోట్ల డాలర్లకు అమ్మేసి ఆయనే వెళ్లిపోయారు. ట్విట్టర్ గొడవలు ముదిరింది ఆ తర్వాతే.

ఆటలోంచి ఆయన పేరు పూర్తిగా చెరిపేశారన్నదీ తప్పే. 2019 మార్చిలో తీసింది మెయిన్ మెనూలో లోగో పక్కన ఏటవాలుగా కనిపించే పసుపు అక్షరాల వాక్యాల్లోని ప్రస్తావనలనే. క్రెడిట్స్‌లో పేరు అలాగే ఉంది. ఒక్కసారి తెరిచి చూసుంటే సరిపోయేది, బద్ధకించాను.

ఆట పదో వార్షికోత్సవానికి ఆయన్ని పిలవకపోవడం మాత్రం నిజమే. ఆ పేరా మార్చలేదు.