పిల్లలు బడికి మార్కులేస్తే

ప్రాథమిక పాఠశాల పిల్లల్ని వరసగా నిలబెట్టి "బడి ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది సార్" అని ఒక్క గొంతుతో అంటారు. అది అభిప్రాయం కాదు, ఎక్కం అప్పజెప్పడం. దాన్ని రాసుకుని వెళ్ళిపోయే తనిఖీ వల్ల ఒరిగేదేమీ లేదు.

పిల్లలకు అభిప్రాయాలు లేక కాదు. వాళ్ళ కొలతలు వేరు. మధ్యాహ్న భోజనమే చూడండి. ఈ తరగతుల్లో ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 450 కేలరీలు అని నిబంధన. రిజిస్టరులో ఇవి సరిపోతే భోజనం బాగున్నట్టే. రెండో తరగతి పిల్ల లెక్క ఇది కాదు: పెద్ద తరగతులవాళ్ళు తోసుకుని ముందుకెళ్ళారా, తన వంతు వచ్చేసరికి పప్పు నీళ్ళైపోయిందా, మారు అడిగితే విసుక్కున్నారా. మరుగుదొడ్డి సంగతీ అంతే. ఉందా లేదా అన్నది అధికారుల ప్రశ్న. గడియ పడుతుందా, బకెట్లో నీళ్ళున్నాయా, చిటికెనవేలు చూపిస్తే టీచరు పంపుతారా అన్నవి పిల్లల ప్రశ్నలు. వీటిలో ఏది తప్పినా నీళ్ళు తాగడం మానేసే ఆడపిల్లలు ఉంటారు. ఏ నివేదికలోనూ అది కనబడదు.

అడిగే పద్ధతి మారాలి. తరగతి గది, ఆటస్థలం, భోజనం, మరుగుదొడ్డి, బడికొచ్చే దారి, స్నేహితులు, టీచరు: ఈ ఏడింటికీ బొమ్మలు గీసి నేలమీద పరచాలి. పది చింతగింజలిచ్చి, నచ్చినదానిమీద ఎక్కువ పెట్టమనాలి. ఒక్కొక్కరినే పిలవాలి, లేకపోతే ముందువాళ్ళు పెట్టినచోటే అందరూ పెడతారు. టీచరు అక్కడ ఉండకూడదు. గింజలు తక్కువ పడ్డచోట "ఎందుకు?" అంటే బిగుసుకుపోతారు, "అక్కడ ఏమవుతుంది?" అంటే చెప్పుకుంటూ పోతారు. అడిగిందే మళ్ళీ అడగకూడదు. టీచరు రెండోసారి అడిగారంటే మొదటి జవాబు తప్పని బడిలో నేర్చుకున్నారు కదా, వెంటనే మాట మార్చేస్తారు. నవ్వు, ఏడుపు ముఖాల కాగితాలు వాడేవాళ్ళు చిన్న తరగతులకు మూడు ముఖాలతో ఆగితే మేలు. అయిదు పెట్టినా వాళ్ళ చెయ్యి ఎక్కువగా అటు చివరికో ఇటు చివరికో పోతుంది.

దెబ్బలే కాదు, మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం, 2009 లోని 17వ సెక్షన్ నిషేధించింది. పిల్లల మాటల్లో ఈ రెండోది చాలా చిన్న రూపాల్లో వస్తుంది: "మొద్దు" అన్న పిలుపు, ఎప్పుడూ వెనక వరసే, బోర్డు తుడిచే పని ఎప్పుడూ ఒకరికే. వీటిని అల్లరి ఫిర్యాదులుగా కొట్టిపారేయకూడదు. అలాగని ప్రతి మాటనూ టీచరు మీద నేరంగానూ మోపకూడదు. అయిదు తరగతులకూ ఒక్కరే ఉన్నచోట "సార్ మాకు చెప్పలేదు" అన్నమాట నిజమే, కానీ తప్పు సారుది కాదు, పోస్టు నింపనివాళ్ళది. ఏం జరిగిందో పిల్లలు చెప్పగలరు. కారణం వెతకాల్సింది పెద్దలే.

పిల్లల మాట వినాలన్న 12వ అధికరణం ఉన్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారత్ 1992 లో ఆమోదించింది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి. మిగతాదాంట్లో మూడో వంతు "స్థానిక విద్యావేత్తలు లేదా బడి పిల్లలు" అని కేంద్రం 2010 లో ఇచ్చిన నమూనా నియమాల మాట. ఆ "లేదా" ఉన్నాక కుర్చీ పిల్లలకు దక్కుతుందా? దక్కినా ఏడేళ్ళ పిల్ల సర్పంచి ఎదుట నోరు విప్పదు. దానికంటే మూడు నెలలకోసారి గింజల లెక్క కమిటీ ముందు పెట్టడం నయం. పేర్లు రాయకపోతే సరిపోదు. ఆరుగురే ఉన్న తరగతిలో ఎవరన్నారో టీచరు ఇట్టే పోల్చుకుంటారు, కనుక రెండు మూడు తరగతుల గింజలు కలిపే లెక్కపెట్టాలి. పిల్లల మాట విని మరుగుదొడ్డికి గడియ బిగిస్తే, ఆ సంగతి వాళ్ళకు చెప్పాలి. చెప్పకపోతే వచ్చేసారి మళ్ళీ "బాగుంది సార్" అనే వినబడుతుంది.