డాక్టర్ ఫాస్టస్‌ను ఏమీ అనకండి

ఇంగ్లిష్ నాటకకర్త క్రిస్టఫర్ మార్లో నాటకంలోని డాక్టర్ ఫాస్టస్ మీద నాలుగు వందల ఏళ్లుగా ఒక నింద ఉంది. అత్యాశకు పోయి సైతానుకు ఆత్మ రాసిచ్చాడట. ఆయన తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. అసలు ఆయన పెద్ద ఆశ పడ్డట్టు రుజువేదీ?

1486లో ఇటలీలో పికో డెల్లా మిరాండోలా అనే 23 ఏళ్ల కుర్రాడు 900 ప్రతిపాదనలు రాసుకుని, రోమ్‌కొచ్చి నాతో వాదించండని పండితులకు సవాలు విసిరాడు. అందుకోసం రాసుకున్న ప్రసంగంలో దేవుడు ఆదాముతో అంటాడు: నీకంటూ ఒక చోటు కేటాయించలేదు, నిన్ను నువ్వే మలుచుకో, దిగజారితే పశువువి, ఎదిగితే దేవతలతో సమానం. పోప్ ఆ సభ జరగనివ్వలేదు, అది వేరే సంగతి. ఓ వందేళ్ల తర్వాత మార్లో నాటకంలో, జర్మనీలోని విట్టెన్‌బర్గ్ పండితుడు ఫాస్టస్ ఆ ధీమాతోనే రంగం మీదికొచ్చాడు.

వస్తూనే తర్కం, వైద్యం, న్యాయశాస్త్రం ఒక్కొక్కటే తీసి పక్కన పడేశాడు. మిగిలింది బైబిల్. ఆ కాలపు మానవతావాదుల, అంటే ప్రాచీన గ్రీకు, లాటిన్ గ్రంథాలు చదివే పండితుల, పట్టుదలంతా మూలం చదవాలనే. వాళ్లలో ఒకడైన ఎరాస్మస్ 1516లో మూలభాష గ్రీకులో కొత్త నిబంధనను అచ్చు వేయించింది అందుకే. మన డాక్టరుగారు మాత్రం జెరోమ్ లాటిన్ అనువాదమే తెరిచారు. 'పాపమువలన వచ్చు జీతము మరణము' అని చదివారు. మన చర్చిలో ఆదివారం బడికెళ్లే పిల్లాడైనా ఆ వెంటనే 'అయితే దేవుని కృపావరము... నిత్య జీవము' అని అందుకుంటాడు. డాక్టరుగారు 'అయితే' దాకా రాలేదు. చావక తప్పనప్పుడు ఈ చదువెందుకని పుస్తకం మూసేశారు. పరిశోధన పూర్తయింది.

తర్వాత రక్తంతో దానపత్రం రాశారు. గడువు 24 ఏళ్లు. జర్మనీ చుట్టూ ఇత్తడి గోడ కట్టిస్తానన్నారు, రైన్ నదిని విట్టెన్‌బర్గ్ చుట్టూ తిప్పుతానన్నారు, విద్యార్థులకు పట్టుబట్టలన్నారు. ఒక్కటీ జరగలేదు. జరిగినవి చెబుతాను. కనిపించకుండా వెళ్లి విందులో పోప్ చెంప మీద ఒక్కటిచ్చారు. తనను వెక్కిరించిన ఒక ఆస్థాన వీరుడి తల మీద కొమ్ములు మొలిపించారు. గుర్రాల బేరగాడికి 40 డాలర్లకు ఒక గుర్రం అమ్మారు. నీళ్లలోకి దిగగానే అది గడ్డిమోపు అయింది. ఆత్మనే తాకట్టు పెట్టిన మనిషికి ఈ చిల్లర బేరం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అన్నిటికన్నా ఘనకార్యం ద్రాక్షపళ్లు. వాన్‌హోల్ట్ ప్రభువు భార్య నిండు గర్భిణి. జనవరి చలిలో ఆమెకు ద్రాక్ష మీద మనసైంది. డాక్టరుగారు, ఒప్పందం ప్రకారం తనకు ఊడిగం చేసే దయ్యం మెఫిస్టోఫిలిస్‌ను పరుగెత్తించి క్షణంలో తెప్పించారు. ఎలాగంటే, ఇక్కడ చలికాలమైతే ఇండియా వైపు ఎండాకాలం కదా అన్నారు. జనవరిలో మనకు ఎండాకాలమని చెప్పిన మొదటి శాస్త్రజ్ఞుడు ఆయనే కావచ్చు. కొండను తవ్వి ఎలుకను పట్టాడని కొందరు ఎగతాళి చేస్తారు. చూలాలి కోరిక తీర్చడం పుణ్యమని వాళ్లకు తెలియదు.

ఇంత చేసినా ఆ మెఫిస్టోఫిలిస్ నిజాయితీగా లేడు. గ్రహాల సంగతి అడిగితే డాక్టరుగారి నౌకరు వాగ్నర్‌కు కూడా తెలిసిన జవాబులే చెప్పాడు. ప్రపంచాన్ని ఎవరు చేశారంటే చెప్పనన్నాడు. పెళ్లాం కావాలంటే ఆడవేషం వేసిన దయ్యాన్ని తెచ్చాడు. వినియోగదారుల ఫోరం అప్పటికి లేకపోయింది.

గడువు ముగిసిన రాత్రి దయ్యాలు లాక్కుపోతుంటే, ఆ పండితుడు ప్రాణభయంతో ఇచ్చిన ఆఖరి హామీ ఏమిటో తెలుసా? నా పుస్తకాలు తగలబెట్టేస్తాను అని. వాటిలో చివరిదాకా చదివినవి ఎన్నో మార్లో చెప్పలేదు.