నాలుగు వేల గదులు, ఒకటే చావడి

కార్యాలయ నెట్‌వర్క్‌ను ముక్కలుగా విడదీయాలని వేరు కాపురాల వాదులు చాలాకాలంగా పట్టుబడుతున్నారు. జీతాల లెక్కలు చూసే కంప్యూటరు, గోడకు బిగించిన కెమెరా, అరగంట పని మీద వచ్చిన అతిథి చేతిలోని ఫోను ఒకే నెట్‌వర్క్‌లో మసలడం అనర్థదాయకమని వారి వాదన. కార్యాలయంలోని యంత్రాలను కేబుళ్లతో కలిపే నెట్‌వర్క్ స్విచ్చుల కొనుగోలు సంఘంలో సభ్యుడిగా పనిచేసినవాడిని కనుక, ఉమ్మడి కాపురం పక్షాన నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

సెట్టింగులేవీ లేని అన్‌మేనేజ్డ్ స్విచ్చులోని సౌశీల్యాన్ని లోకం సరిగా గుర్తించలేదు. దానికి పాస్‌వర్డు ఉండదు, కాబట్టి మరచిపోయే ప్రసక్తే రాదు. ఒక కంప్యూటరు "ఈ ఐపీ చిరునామా ఎవరిది?" అని ఏఆర్‌పీ (చిరునామాను బట్టి యంత్రాన్ని వెతికే పద్ధతి) కేక వేస్తే, స్విచ్చు ఆ కేకను ప్రతి పోర్టుకూ (కేబులు గుచ్చే రంధ్రానికీ) చేరవేస్తుంది, అకౌంట్స్ విభాగం వింటుంది, కెమెరా వింటుంది, అతిథి ఫోనూ వింటుంది. "నాదే" అని ఎవరు బదులు పలికినా నమ్మడమే తప్ప, రుజువు అడిగే అలవాటు ఏఆర్‌పీకి పుట్టుకతోనే లేదు. సహోద్యోగుల మధ్య ఇంతటి విశ్వాసాన్ని ఏ శిక్షణ తరగతి నేర్పగలదు?

అయినా కాలానుగుణంగా ఉండాలన్న ఒత్తిడికి తలొగ్గి మా సంఘం మేనేజ్డ్ స్విచ్చు వైపు మొగ్గింది. మా సాంకేతిక సహాయకుడు ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసి ఇచ్చాడు: ఒకే స్విచ్చును విడివిడి నెట్‌వర్క్ గదులుగా పంచేవి వీల్యాన్‌లు కదా, ఏ సమాచారం ఏ వీల్యాన్‌దో తెలిపే 802.1క్యూ ట్యాగులను ఈ స్విచ్చు అర్థం చేసుకుంటుందా. వీల్యాన్‌ల మధ్య రాకపోకలను తానే నడిపే లేయర్-3 రకమా, ఆ బరువును రౌటరు నెత్తిన పెట్టే లేయర్-2 రకమా. కెమెరాలకూ ఫోన్లకూ కేబులు ద్వారానే ఇచ్చే పీఓఈ కరెంటు మొత్తం ఎన్ని వాట్లు? సంఘం ఆ కాగితాన్ని శ్రద్ధగా మడిచి ఫైలులో పెట్టి, ముందువైపు దీపాలు ఏ రంగులో వెలుగుతాయన్న విషయాన్ని సుదీర్ఘంగా చర్చించింది. 24 పోర్టులకూ పీఓఈ ఉందన్న మాట అందరికీ నచ్చింది. పోర్టుకు 15.4 వాట్ల చొప్పున 24 పోర్టులకు దాదాపు 370 వాట్లు కావాలనీ, పెట్టె మొత్తంగా ఇవ్వగలిగింది 190 అనీ వెనుకవైపు చీటీ మీద చిన్న అక్షరాల్లో ఉంది. స్విచ్చును ర్యాకులో బిగించాక వెనుకవైపు ఎవరు చూస్తారు?

1998లో వెలువడిన 802.1క్యూ ప్రమాణం ఫ్రేములో, అంటే నెట్‌వర్క్ మీద సాగే సమాచారపు పొట్లంలో, 4 బైట్ల ట్యాగు చొప్పించి, అందులో 12 బిట్లను వీల్యాన్ నంబరుకు కేటాయించింది. 4096 నంబర్లలో మొదటిదీ చివరిదీ ప్రత్యేకించగా 4094 మిగులుతాయి. ఇన్ని గదులున్న భవంతిని కొని మేము ఏడాది పాటు చావడిలోనే కూర్చున్నాము. ఎందుకంటే పెట్టెలోంచి తీసినప్పుడు ప్రతి పోర్టూ ఒకటో నంబరు వీల్యాన్‌లోనే ఉంటుంది, అక్కడి నుంచి కదిలించమని పెట్టె మీద ఎక్కడా రాసి లేదు.

చివరికి ఒక ఆదివారం సహాయకుడు అకౌంట్స్‌కు 10, ఫోన్లకు 20, కెమెరాలకు 30, అతిథులకు 40 అని గదులు పంచాడు. సోమవారం పని మొదలైన అరగంటకే, అతిథుల వైఫైలో ఉన్న మేనేజరు గారి ఫోనుకు అకౌంట్స్ గదిలోని ప్రింటరు కనిపించడం మానేసింది. ప్రింటరును వెతికే ప్రకటనలు వీల్యాన్ గోడ దాటవని సహాయకుడు వివరించబోయాడు గాని, గోడ కట్టమన్నదే మేనేజరు గారు కనుక ఆ వివరణ మర్యాదగా అనిపించలేదు. పైగా మేము కొన్నది లేయర్-2 స్విచ్చు. జానెడు దూరంలో ఉన్న రెండు యంత్రాలు వేర్వేరు గదులవైతే, వాటి మాట అన్ని గదుల సమాచారాన్నీ మోసే ఒకే ట్రంకు కేబులు మీదుగా రౌటరు దాకా ఎక్కి, అదే కేబులు మీదుగా దిగి రావాలి.

అప్పటి నుంచి మినహాయింపులు మొదలయ్యాయి. అకౌంట్స్ వారికి కెమెరాలు చూసే హక్కు కావాలి, రిసెప్షన్‌కు అకౌంట్స్ ఫోల్డరు కావాలి, ఒక ముఖ్య అతిథికి అన్నీ కావాలి. రౌటరులోని నియమాల పట్టిక రోజుకొక వరుస పెరిగి, విసిగిపోయిన క్షణాన ఎవరో అన్నిటికంటే పైన "ఎవరినైనా ఎక్కడికైనా పోనివ్వు" అని ఒక వరుస చేర్చారు. పట్టికను పైనుంచి కిందికి చదువుతూ, వర్తించిన మొదటి వరుస దగ్గరే ఆగిపోవడం రౌటరు స్వభావం. కింది వరుసలన్నీ ఆనాటి నుంచి గౌరవ సభ్యులు. అయినా ఫోనుకు ప్రింటరు కనిపించలేదు.

పరిష్కారం మాత్రం కరెంటు పోవడం వల్ల దొరికింది. సహాయకుడు వీల్యాన్‌లు పంచాడే గాని, ఆ అమరికను స్విచ్చు శాశ్వత మెమరీలో భద్రపరచలేదు. కరెంటు తిరిగి వచ్చేసరికి పోర్టులన్నీ బుద్ధిగా ఒకటో నంబరుకు చేరుకున్నాయి. రౌటరులో పాత నెట్‌వర్క్‌ను ఎవరూ తొలగించలేదు కనుక యంత్రాలన్నీ పాత వరుసలోనే చిరునామాలు తీసుకున్నాయి. ప్రింటరు కనిపించింది, కాగితం బయటికి వచ్చింది.

"చూశావా బాబూ, మొదటి నుంచీ ఇలా పెట్టి ఉంటే సరిపోయేది కదా!" అని మేనేజరు గారు సహాయకుడి భుజం తట్టి, రెండో కాపీకి మీట నొక్కారు.